పంతుళ్ళకు పాఠం నేర్పిన పునీతుడు జాన్ బాప్తిస్త్ ద లాసాల్

మన పాత విచారణల చరిత్ర తిరగవేస్తే అనేక పల్లెలలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఊరి చివర ఒక తాటాకు పాక. వారమంతా అది బడి, ఆదివారం అదే గుడి. తెల్లవారుజామున జపం చెప్పించే ఉపదేశిగారే పొద్దెక్కిన తరువాత పలకలు పట్టించే పంతులుగారు. ఈ శతవార్షికోత్సవ వేళ గుడులు కట్టినవారిని, ఆసుపత్రులు నెలకొల్పినవారిని కృతజ్ఞతతో స్మరించుకుంటున్నాము. పాకలో కూర్చుని అక్షరాలు దిద్దించిన ఆ పంతుళ్ళను కూడ తలచుకోవడం మన విధి. వారందరికీ పాలక పునీతుడని శ్రీసభ ప్రకటించిన మహనీయుని జీవితం ఈ వ్యాసంలో చెప్పదలచాను.

ముందుగా నా సంగతి ఒకటి మనవి చేసుకోవాలి. నేను ట్రైనింగు ముగించి, చేతిలో సర్టిఫికెట్టుతో ఒక చిన్న బడిలో చేరిన కొత్తలో రెండవ తరగతి పిల్లవాడొకడు వాచకం గడగడా చదివాడు. నాకెంతో సంతోషం కలిగింది. పరీక్షగా ఆ పంక్తి మీద అరచేయి పెట్టాను. వాడు ఆగలేదు, అదే జోరుతో పాఠం చివరిదాకా చెప్పుకుపోయాడు. వాడు చదవడం లేదు, ఒప్పజెప్పుతున్నాడు. విడిగా ఒక మాట చూపించి అడిగితే నోరు మెదపలేదు. వాడికి చదువు ఎక్కడినుండి మొదలుపెట్టాలో నాకూ తెలియలేదు. నా దగ్గర ఉన్న కాగితం నన్ను పంతులని ఒప్పుకుంది గాని, ఆ పూట వాడి ముందు నేను పంతులను కాలేకపోయాను. లాసాల్ జీవితచరిత్ర మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ పిల్లవాడే జ్ఞాపకం వచ్చాడు. మూడు వందల ఏళ్ళ క్రిందటే ఒక గురువు సరిగ్గా ఈ చిక్కునే ఎదుర్కొని, దానిని విప్పడానికి తన ఆస్తిని, పదవిని, పరువును కూడ వదులుకున్నాడు.

కలవారి బిడ్డ

జాన్ బాప్తిస్త్ 1651 ఏప్రిల్ 30న ఫ్రాన్సు దేశంలోని రీమ్స్ నగరంలో జన్మించారు. తండ్రి లూయీ ద లాసాల్ న్యాయాధికారి. తల్లి నికోల్ మోయెత్ భక్తిపరురాలు, గొప్ప ఇంటి ఆడపడుచు. పదకొండుమంది సంతానంలో జాన్ పెద్దవాడు. వారిలో ఏడుగురే బ్రతికి బట్టకట్టారు. పదకొండవ ఏట శిరోముండనం పొంది శ్రీసభ సేవకు అంకితుడై, ఇంకా పదహారు నిండకముందే, 1667లో, రీమ్స్ ప్రధాన దేవాలయంలో కెనాన్ పదవి పొందారు. అది గౌరవమూ ఆదాయమూ రెండూ ఉన్న పదవి. జీవితమంతా నిశ్చింతగా గడిచిపోయేదే.

1670లో పారిస్ నగరంలోని సెయింట్ సల్పీస్ గురువిద్యాలయంలో చేరారు. మరుసటి సంవత్సరం తల్లి, 1672లో తండ్రి మరణించారు. ఇరవై ఒకటవ ఏట తమ్ముళ్ళ, చెల్లెళ్ళ భారం నెత్తిన వేసుకుని ఇంటికి తిరిగి వచ్చారు. అయినా చదువు మానలేదు. 1678లో పవిత్ర శనివారం నాడు గురుపట్టం స్వీకరించారు. 1680లో దైవశాస్త్రంలో డాక్టరు పట్టం పొందారు. అప్పటికి ఆయన మనసులో బడి అనే ఆలోచన లేదు.

గుమ్మంలో కలిసిన మనిషి

ఆయన ఆత్మగురువు నికొలస్ రోలాండ్ 1678లో మరణిస్తూ, పేద ఆడపిల్లలకు చదువు చెప్పడానికి తాను నెలకొల్పిన మఠకన్యల సంఘాన్ని ఈయన చేతిలో పెట్టారు. ఆ పనిమీద తిరుగుతుండగా 1679లో రువాన్ పట్టణం నుండి వచ్చిన ఆద్రియన్ నియెల్ అనే పెద్దమనిషి తారసపడ్డారు. రీమ్స్‌లో పేద మగపిల్లలకు ఉచితంగా బడి పెట్టించడానికి ఒక ధనిక వితంతువు ఆయనను పంపింది. లాసాల్ తన పలుకుబడితో సహాయం చేశారు. అదే సంవత్సరం సెయింట్ మారిస్ విచారణలో మొదటి బడి తెరిచారు. కాస్త ఊతమిచ్చి ప్రక్కకు తప్పుకుందామనే లాసాల్ అనుకున్నారు.

నియెల్‌గారు ఉత్సాహవంతులు. ఒక బడి తెరవగానే రెండవ దానికి పరుగెత్తేవారు. తెరిచిన బడి ఎలా నడుస్తున్నదో కూర్చుని చూసే ఓపిక తక్కువ. దొరికినవారిని పంతుళ్ళుగా పెట్టారు. వారు చెడ్డవారు కారు. కాని సరైన చదువు లేదు, బోధించే పద్ధతి తెలియదు, ఒకరు చెప్పినట్లు మరొకరు చెప్పరు. పిల్లలు గోల, పంతులు గోల. లాసాల్‌కు అప్పుడు ఒక సత్యం బోధపడింది. బడి అంటే పాక కాదు, బల్లలు కాదు, పంతులు. పంతులు తయారు కాకుండా ఎన్ని బడులు తెరిచినా అవి బడులు కావు.

ఆ పంతుళ్ళను తీర్చిదిద్దడానికి దగ్గర ఉంచుకోవలసి వచ్చింది. మొదట తన ఇంటికి సమీపంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తరువాత తన భోజనపు బల్ల వద్దకు పిలిచారు. 1681 జూన్ 24న ఏకంగా తన ఇంటిలోనే కాపురం పెట్టించారు. ఈనాడు ఇది చిన్న సంగతిగా తోచవచ్చు. ఆనాటి ఫ్రాన్సులో బడిపంతులు అంటే కూలివాడికంటె కొంచెం మెరుగు. మొదట్లో తానే ఆ పంతుళ్ళను తన ఇంటి నౌకరుకంటె తక్కువగా చూసేవాడినని, వారితో కలిసి బ్రతకవలసి వస్తుందని ముందే తెలిసి ఉంటే ఈ పనికి చేయి పెట్టేవాడిని కాదని లాసాల్ తరువాత కాలంలో నిజాయితీగా వ్రాసుకున్నారు. బంధువులు మండిపడ్డారు. వంశ గౌరవం మంట గలిసిందన్నారు. తమ్ముళ్ళలో కొందరిని ఆ ఇంటినుండి వేరు చేశారు. 1682లో లాసాల్ తన తాతల నాటి మేడ విడిచిపెట్టి, పంతుళ్ళతో కలిసి పేదలు నివసించే వీధిలో అద్దె ఇంటికి మారారు.

ఆస్తి పోయిన తరువాత నోరు తెరిపి

అక్కడ మరొక పరీక్ష ఎదురైంది. దేవుని నమ్ముకొని రేపటి చింత మానండని ఆయన పంతుళ్ళకు ఉపదేశించేవారు. వారు ఊరుకోలేదు. మీకేమి, కెనాన్ పదవి ఉంది, ఆస్తి ఉంది, బడి మూతపడితే వీధిన పడేది మేమే గదా అని ముఖం మీదనే అడిగారు. ఆ మాట ఆయన గుండెలో నాటుకుంది. నికొలస్ బర్రె అనే భక్తుడైన గురువు సలహా అడిగి, 1683లో కెనాన్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ పదవిని తమ్మునికి ఇప్పించకుండా ఒక పేద గురువుకు దక్కేటట్లు చేశారు. 1684-85 చలికాలంలో కరవు వచ్చినప్పుడు తన ఆస్తిని రొట్టెల రూపంలో పేదలకు పంచివేశారు. ఆ తరువాత పంతుళ్ళకు ఉపదేశం చేయడానికి ఆయనకు నోరు తెరిపి వచ్చింది. అప్పటినుండి వారు పంతుళ్ళు కారు, సహోదరులు. క్రైస్తవ పాఠశాలల సహోదరుల సభ అనే పేరుతో పెరిగిన సంఘానికి అదే నాంది.

చదువు నేర్పడం ఒక చేతిపని

లాసాల్ చేసిన అసలైన పని ఏమిటో కొంచెం వివరంగా చూద్దాము. ఆ రోజుల్లో పేదల బడిలో పంతులు ఒక్కొక్క పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి రెండు నిముషాలు చెప్పి పంపేవాడు. మిగతా యాభైమంది అంతసేపూ అల్లరి. పైగా పిల్లలకు మొదట నేర్పే చదువు లాటిను. పలుకులో అక్షరం పోదు గనుక లాటిను సులభమని అందరి నమ్మకం. చేనేతవారి, చెప్పులు కుట్టేవారి పిల్లలు రెండు మూడేళ్ళలో బడి మాని పనికి పోతారు. అప్పటికి వారికి అర్థం కాని లాటిను కొంత వస్తుంది, ఇంట్లో మాట్లాడే ఫ్రెంచి చదవడం రాదు. ఆ వచ్చిన ముక్క కూడ నాలుగు నెలల్లో మరచిపోతారు.

లాసాల్ ఈ క్రమాన్ని తలక్రిందులు చేశారు. ముందు ఫ్రెంచి, అది బాగా వచ్చిన తరువాతే లాటిను. షార్త్ర్ మేత్రాణులు గొదె దె మారె దీనికి అభ్యంతరం చెప్పగా లాసాల్ కారణాలన్నీ వ్రాసి సమాధానమిచ్చారు. అర్థమయ్యే భాషలో చదవడం త్వరగా వస్తుందని, ఫ్రెంచి వచ్చినవానికి లాటిను చదవడం కష్టం కాదని, మధ్యలో బడి మానినవాడికి కూడ చేతిలో ఏదో ఒకటి మిగులుతుందని ఆయన వాదం. తల్లిభాషలో చదువు గూర్చి మనం ఈనాటికీ చేసుకుంటున్న చర్చలో ఇంతకు మించిన మాట అరుదు.

చదవడాన్ని ఆయన తొమ్మిది మెట్లుగా విభజించారు. మొదటిది గోడకు తగిలించిన అక్షరాల పటం. రెండవది అక్షరాలు కూడిన పలుకుల పటం, మన గుణింతాల వంటిది. మూడవది పలుకుల పుస్తకం. తరువాత క్రమంగా మూడు వాచకాలు. ఏడవ మెట్టున లాటిను కీర్తనల గ్రంథం. ఎనిమిదవది మర్యాదలు నేర్పే పుస్తకం. చివరిది చేతివ్రాత కాగితాలు చదవడం, అంటే రసీదులు, ఒప్పందాలు వంటివి. పేదవాడి కొడుకు రేపు మోసపోకుండా ఉండాలంటే అచ్చు పుస్తకం ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు.

ప్రతి మెట్టుమీద ఉన్నవారికి ఒకే పుస్తకం. ఒకడు పైకి చదువుతుంటే ఆ జట్టులోని మిగతా వారంతా కంటితో వెంబడించాలి. ఏ క్షణాన ఎవరిని అందుకోమంటారో తెలియదు గనుక ఎవడూ నిద్రపోడు. చదివేవాడు తప్పు చేస్తే పంతులు కేకవేయడు. చేతిలోని చిన్న కట్టె పనిముట్టుతో టక్కుమని చప్పుడు చేస్తాడు. పిల్లవాడు వెనక్కు వెళ్ళి ఆ మాట మళ్ళీ చదువుతాడు. అప్పటికీ రాకపోతే మరొక పిల్లవాని చేత సరిచేయిస్తారు. ఒక మెట్టు పూర్తిగా రాకుండా పై మెట్టు ఎక్కించరు. ఎక్కించవచ్చునో లేదో నిర్ణయించేది తరగతి పంతులు కాదు, బడులను పర్యవేక్షించే వేరొక సహోదరుడు వచ్చి పరీక్షించి చెప్పాలి. నా బడిలోని పిల్లవాడు ఆ తరగతిలో ఉండి ఉంటే మొదటి నెలలోనే పట్టుబడి ఉండేవాడు.

ఈ పద్ధతి అంతా ఒక్కరి బుర్రలో పుట్టినది కాదు. అనుభవజ్ఞులైన సహోదరులతో లాసాల్ అనేకసార్లు కూర్చుని, తరగతిలో ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు అని విచారించి, సరిచేసి, పాఠశాలల నిర్వహణ అనే గ్రంథంగా కూర్చారు. 1706 నాటికే అది వ్రాతప్రతిగా వాడుకలో ఉంది. కొత్త పంతులును తయారుచేయడం గూర్చి కూడ అందులో బోధించారు. కొత్తవారిలో మానిపించవలసిన దోషాలలో అతిగా మాట్లాడాలనే దురద ఒకటి. తొందరపాటు, కాఠిన్యం, అసహనం, కొందరి మీదనే అభిమానం కూడ ఆ పట్టికలో ఉన్నాయి. కొత్తవాడు అనుభవజ్ఞుని కంటి ముందు పాఠం చెప్పి, తప్పులు దిద్దించుకొని, తరువాతే తన తరగతికి వెళ్ళాలి. అయితే ఆ గ్రంథంలో బెత్తం కూడ ఉందని దాచడం న్యాయం కాదు. ఎంత అరుదుగా, ఎంత శాంతంగా వాడాలో కట్టడి చేశారు గాని పూర్తిగా తీసివేయలేదు. ఆ విషయంలో ఆయన తన కాలపు మనిషే.

మూడుసార్లు కూలిన ఇల్లు

సహోదరులు ఒంటరిగా ఏ ఊరికీ వెళ్ళరాదని నియమం. ఇద్దరు పంతుళ్ళను పోషించే శక్తి చిన్న పల్లెకు ఉండదు. మరి పల్లెల గతి ఏమిటి? దీనికోసం లాసాల్ పల్లెటూరి పంతుళ్ళను తయారుచేసే ప్రత్యేక విద్యాలయాన్ని 1680వ దశకం మధ్యలో రీమ్స్‌లో ప్రారంభించారు. సహోదరులు కాదలచని యువకులు అక్కడ ఉండి చదవడం, వ్రాయడం, లెక్కలు, జ్ఞానోపదేశం, దేవాలయ గానం నేర్చుకుని తమ ఊళ్ళకు వెళ్ళేవారు. లోకంలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలకు మొదటిది ఇదేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. లాసాల్ 1688లో పారిస్ వెళ్ళిన తరువాత అది నిలవలేదు.

1699లో పారిస్‌లోని సెయింట్ హిప్పొలిట్ విచారణలో రెండవ విద్యాలయం తెరిచారు. దాని బాధ్యత నికొలస్ వుయార్ అనే సహోదరునికి అప్పగించారు. అతడు సామాన్యుడు కాదు. 1691లో సంఘం చితికిపోతున్నప్పుడు, భిక్షమెత్తి రొట్టె మీద బ్రతకవలసి వచ్చినా ఈ పని విడువమని లాసాల్‌తో కలిసి వ్రతం పూనిన ఇద్దరిలో ఒకడు. ఆ విచారణ గురువు మరణిస్తూ శిక్షణాలయం కొరకు ఆస్తిని వుయార్ పేర వ్రాశారు. అది తన సొంతమని వుయార్ సంఘాన్ని విడిచిపోయాడు. విద్యాలయం కూలింది.

మూడవది 1709లో సెయింట్ డెనిస్‌లో వెలిసింది. క్లెమెంట్ అనే యువకుడు ఉత్సాహంతో దానికి పూనుకోగా ఇల్లు కొనడానికి లాసాల్ డబ్బు సమకూర్చారు. ఆ యువకుడు చట్టం దృష్టిలో మైనరు. తండ్రి దావా వేశాడు. 1712లో మైనరును ప్రలోభపెట్టాడని లాసాల్ మీద తీర్పు వచ్చింది. ఇల్లు పోయింది, డబ్బు పోయింది, పేరు పోయింది.

లైసెన్సు తగాదా

ఇంతేకాదు. ఆనాటి పారిస్‌లో చిన్న బడి నడపాలంటే నోటర్ డామ్ ప్రధాన దేవాలయపు గాయకాధికారి లైసెన్సు ఇవ్వాలి. వ్రాత నేర్పే హక్కు వ్రాతపంతుళ్ళ సంఘానిది. ఈ ఇద్దరికీ జీతం వసూలు చేసే బడులే ఆధారం. సహోదరుల బడిలో ఉచితంగా, మంచి చదువు వస్తుంటే పిల్లలు అటు పోయారు. దావాల మీద దావాలు వచ్చాయి. 1704లో వ్రాతపంతుళ్ళు పోలీసు న్యాయస్థానంలో గెలిచారు, లాసాల్‌కు జరిమానా పడింది. 1706లో పారిస్ పార్లమెంటు, అంటే అక్కడి ఉన్నత న్యాయస్థానం, గాయకాధికారి అనుమతి లేకుండా సహోదరులు బడి నడపరాదని తీర్పు చెప్పింది.

ఇక్కడ మనం నిష్పక్షపాతంగా ఆలోచించాలి. లైసెన్సు అనే ఏర్పాటు తప్పు కాదు. ఎవడు పడితే వాడు పిల్లల ముందు కూర్చోకూడదు గదా. కాని ఆ కాగితం పంతులు పని చూసి ఇచ్చినది కాక, హక్కుల కంచెగా మారింది. కాగితం ఉన్నవారికి పని రాదు, పని వచ్చినవారికి కాగితం లేదు. లాసాల్ మాత్రం తన సహోదరులకు ఎంతో కఠినమైన పరీక్ష పెట్టారు. అది ఒకనాటితో ముగిసేది కాదు, పర్యవేక్షకుడు తరగతిలోకి వచ్చి పిల్లవాని చేత చదివించి చూసే నిత్య పరీక్ష.

చివరి రోజులు

1712 తీర్పు తరువాత లాసాల్ దక్షిణ ఫ్రాన్సుకు వెళ్ళిపోయారు. ఈ సంఘానికి తానే అడ్డంకినేమోనన్న దిగులు ఆయనను కమ్ముకుంది. గ్రెనోబ్ల్ పట్టణంలో అక్కడి సహోదరుని వేరే పనిమీద పంపి, తానే ఆ తరగతి తీసుకున్నారు. అరవై దాటిన దైవశాస్త్ర పండితుడు చిన్నపిల్లల ముందు నిలబడి అక్షరాలు చెప్పారు. 1714 ఏప్రిల్‌లో పారిస్ ప్రాంతపు సహోదరులు ఉత్తరం వ్రాసి, విధేయత వ్రతాన్ని జ్ఞాపకం చేసి, తిరిగి రమ్మని తమ స్థాపకునికే ఆజ్ఞ ఇచ్చారు. ఆయన తలవంచి వచ్చారు. 1717లో బర్తెలెమీ సహోదరుడు అధిపతిగా ఎన్నిక కాగా లాసాల్ సామాన్యునివలె అతనికి లోబడి జీవించారు. మరణానికి కొద్దిరోజుల ముందు, ఒక చిన్న వివాదం వలన, రువాన్ అగ్రపీఠం గురువుగా ఆయనకున్న అధికారాలను కూడ తీసివేసింది. 1719 ఏప్రిల్ 7, పవిత్ర శుక్రవారం నాడు, రువాన్‌లోని సెయింట్ యాన్ గృహంలో కన్నుమూశారు.

మరుసటి సంవత్సరం అవిన్యోన్‌లో పాఠశాలల నిర్వహణ అచ్చయింది. 1724లో రాజముద్ర, 1725లో పోపుగారి ఆమోదం సంఘానికి లభించాయి. 1900లో 13వ లియో పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. 1950 మే 15న 12వ పయస్ పోపుగారు లోకంలోని బోధకులందరికీ పాలక పునీతుడని ప్రకటించారు. ఆయన కట్టిన మూడు శిక్షణాలయాలూ కూలాయి. పంతులు పనిని నేర్పవచ్చు, నేర్పాలి అనే ఆయన పట్టుదల మాత్రం నిలిచింది.

మన మాట

మన దేశంలో 1854 నాటి వుడ్ విద్యాపత్రం ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు పెట్టమని సూచించింది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు మొదలైంది. తరువాత ఎన్నో తరాల పంతుళ్ళు శిక్షణ పొందారు. 2009 విద్యాహక్కు చట్టం తరువాత 2010లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, మనం టెట్ అని పిలిచేది, వచ్చింది. మంచిదే. అయితే కొత్త పంతులు ఐదేళ్ళ పిల్లవాని ప్రక్కన కూర్చుని, వాడు మాటను చూసి చదువుతున్నాడా, వినికిడితో ఒప్పజెప్పుతున్నాడా అని పసిగట్టగలడా? వత్తు దగ్గర ఆగిపోయినవాణ్ణి ఏ మెట్టుకు వెనక్కు తీసుకుపోవాలో తెలుసునా? ఇది కాగితం మీద మాత్రమే వ్రాసే పరీక్షలో తేలే సంగతి కాదు. అనుభవం గల పెద్దపంతులు కొత్తవాని తరగతిలో కూర్చోవాలి.

నా మట్టుకు నేను ఆ పని నేర్చుకున్నది ఒక వృద్ధ ఉపదేశిగారి వద్ద. ఆయన చదువు ఎనిమిదవ తరగతి. సాయంకాలం పూట నా తరగతిలో వెనుక కూర్చుని, బడి విడిచిన తరువాత నా తప్పులు ఒక్కొక్కటి నెమ్మదిగా చెప్పేవారు. నా పిల్లవాణ్ణి మళ్ళీ గుణింతాల దగ్గరకు తీసుకువెళ్ళమన్నది ఆయనే. ఆ ఏడాది సంక్రాంతి సెలవుల తరువాత ఆ పిల్లవాడు నేను బల్ల మీద వ్రాసిన, వాచకంలో లేని ఒక మాటను కూడబలుక్కుని చదివాడు. అది వాడి తల్లి పేరు.

మన విచారణలలో పదవీవిరమణ చేసిన పంతుళ్ళు, పంతులమ్మలు ఎందరో ఉన్నారు. కొత్తగా చేరిన యువ ఉపాధ్యాయులు కూడ ఉన్నారు. పాతవారు కొత్తవారి తరగతిలో వారానికి ఒక గంట వెనుక కూర్చోగలిగితే, ఈ నూరేళ్ళ పండుగకు అంతకంటె మంచి కానుక ఉండదు. ఏప్రిల్ 7న లాసాల్ పండుగ నాడు దివ్యపూజలో ఆ పనికోసం ప్రార్థించుకుందాము.